తాత దయ్యానికి ఎన్ని కొవ్వొత్తులు?

పోయిన వేసవి సేల్‌లో ఒక స్నేహితురాలు ఫోన్ చేసింది. "ఒక్కటే కొంటా. స్టార్‌డ్యూ వ్యాలీ కొనమంటావా, గ్రేవ్‌యార్డ్ కీపర్ కొనమంటావా?" నేను నోరు తెరిచేలోపే పక్కనున్న వాళ్ళాయన అందుకున్నాడు. "పొలం ఆటలో శవాలేంటండీ, అసహ్యంగా! ఆఫీసు నుంచి వచ్చి ప్రశాంతంగా నాలుగు గుమ్మడికాయలు పండించుకోక!" ఆవిడ స్టార్‌డ్యూనే కొనుక్కుంది. నేను "సరే, మంచిదే" అని ఊరుకున్నాను. అప్పుడు మింగేసిన మాటలన్నీ ఇప్పుడు రాస్తున్నాను.

ఇది ఆయనొక్కడి అభిప్రాయమైతే వదిలేసేవాణ్ణి. కోజీ గేములు ఆడేవాళ్ళలో ఇదొక మర్యాదస్తుల అభిప్రాయంగా స్థిరపడిపోయింది. కోజీ అంటే తెలియనివాళ్ళకి ఒక్క ముక్క: పెద్దగా యుద్ధాలుండవు, తొందరుండదు, ఓడిపోవడం దాదాపుగా ఉండదు. దుప్పటి కప్పుకుని టీ తాగుతూ ఆడుకునే రకం. ఇందులో పొలం ఆటలది పెద్దపీట. ఆ పొలం ఆటల్లో మళ్ళీ రెండు కులాలు. హార్వెస్ట్ మూన్, దాని దారిలో వచ్చిన స్టార్‌డ్యూ లాంటివి క్లాసిక్. మట్టి, విత్తనం, వాన, ఇరుగుపొరుగు, పెళ్ళి. రెండో వైపు శవాలు, ఆత్మలు, మంత్రగత్తెలు ఉన్న పొలాలు. అవి చిల్లర సరుకు, హాలోవీన్ వేషాలు అని వీళ్ళ తీర్పు. ఈ తగువు మనకి కొత్తది కాదు. తులసిదళం చదివే పిల్లల చేతుల్లోంచి పుస్తకం లాక్కుని 'మంచి సాహిత్యం' పెట్టిన పెద్దమనుషులు గుర్తున్నారా? వాళ్ళే వీళ్ళు. చేతిలో జాయ్‌స్టిక్ వచ్చిందంతే.

నేననేది ఒకటే. దయ్యాల్లేని పొలం ఆట ఒక్కటీ లేదు. క్లాసిక్ అని మనం నెత్తిన పెట్టుకునేవి తమ దయ్యాల్ని దాచిపెడతాయి. మంచి దయ్యాల ఆట వాటిని మన ముందు కూర్చోబెడుతుంది. ఎంచుకోవాల్సి వస్తే నేను రెండోదాన్నే ఎంచుకుంటాను.

మొదట్నుంచీ చూద్దాం. యసుహిరో వాడా పల్లెటూళ్ళో పెరిగి టోక్యోకి ఉద్యోగానికి వెళ్ళినవాడు. వదిలొచ్చిన ఊరి మీద బెంగ, కొట్లాటల్లేని ఆట ఒకటి చెయ్యాలన్న కోరిక, ఈ రెండూ కలిసి 1996లో జపాన్‌లో సూపర్ ఫామికామ్ మీద ఆ మొదటి ఆట వచ్చింది. మర్నాటి ఏడు అమెరికాకి హార్వెస్ట్ మూన్ పేరుతో వెళ్ళింది. పాడుబడ్డ పొలాన్ని కుర్రాడికి అప్పజెప్పి అమ్మానాన్నా వెళ్ళిపోతారు. రెండున్నరేళ్ళకి తిరిగొచ్చి ఎంత బాగు చేశావో చూస్తారు. ప్రోగ్రెస్ రిపోర్ట్ అన్నమాట. ఎంత ఆసియా ఆట! ఇక ఆ సిరీస్ నిండా ఒక పంటల దేవత, ఆమె వెంట రంగురంగుల టోపీల పొట్టి భూతాలు. చెరువులోకి కానుక విసిరితే దేవత పైకి వస్తుంది. భూతాలతో స్నేహం చేస్తే చాలా భాగాల్లో అవి వచ్చి నీ పొలానికి నీళ్ళు పెడతాయి, కోత కోస్తాయి, పశువుల్ని చూసుకుంటాయి.

కూలి? ఉండదు. ఎప్పుడైనా ఓ కానుక ఇస్తే చాలు.

ఎరిక్ బరోన్ నాలుగేళ్ళకి పైగా ఒంటరిగా కూర్చుని, బొమ్మలు, సంగీతం, కోడ్ అన్నీ తనే చేసుకుని, 2016 ఫిబ్రవరిలో విడుదల చేసిన స్టార్‌డ్యూ ఈ వారసత్వాన్నే ఎత్తుకుంది. ఆ మనిషి మీద నాకు గౌరవం ఉంది. 2024 చివరికి నాలుగు కోట్ల కాపీలు దాటిన ఆట అది, అందులో నా రెండు కాపీలున్నాయి (ఒకటి లాప్‌టాప్‌కి, ఒకటి స్విచ్‌కి, అడక్కండి). గంటలు ఎన్నో చెప్పను, మా అమ్మ ఈ పత్రిక చదువుతుంది. కాబట్టి ఇది తెలియనివాడి తిట్టు కాదు.

'దయ్యాల్లేని' ఆ ఆట ఎక్కడ మొదలవుతుంది? మంచం మీద పడుకున్న ముసలాయన దగ్గర. తాత పోతూ పోతూ సీలు వేసిన కవరు ఒకటి ఇస్తాడు. ఏళ్ళ తర్వాత, జోజా కార్పొరేషన్ క్యుబికల్‌లో కూర్చుని ఇక వల్ల కాదనుకున్న రోజు అది తెరుస్తావు. లోపల పొలం కాగితాలు. అక్కణ్ణుంచి ఊళ్ళోకి వెళితే పాడుబడ్డ కమ్యూనిటీ సెంటర్‌లో జూనిమోలనే అడవి ఆత్మలు, అడవి అంచున గోపురంలో మాంత్రికుడు, కొన్ని రాత్రులు కోళ్ళగూటి మీదుగా ఎగిరిపోయే మంత్రగత్తె, మురుగుకాలవలో క్రోబస్ అనే నీడమనిషి. మూడో ఏడు వసంతం మొదటి రోజున తాత దయ్యమే స్వయంగా దిగి వచ్చి నీ పని చూసి మార్కులు వేస్తుంది. మొత్తం 21. పన్నెండు దాటితే పొలం మూలనున్న తాత గుడి దగ్గర నాలుగు కొవ్వొత్తులు వెలుగుతాయి. ఆ 21లో ఏడు మార్కులు నువ్వెంత సంపాదించావన్నదానికే. పది లక్షలు దాటితే ఏడూ నీవే. నచ్చకపోతే గుడిలో వజ్రం ఒకటి పెట్టు, తాత మళ్ళీ వచ్చి దిద్దుతాడు. ఇంటర్ బోర్డులో రీవాల్యుయేషన్‌కి ఫీజు కట్టినట్టు.

క్యుబికల్ నుంచి పారిపోయి వచ్చిన పిల్లాణ్ణి చచ్చినా వదలకుండా అప్రైజల్ చేసే తాత! ఇంతకంటే భయంకరమైన దయ్యం కథ నేను ఈమధ్య చదవలేదు. కానీ ఆట దాన్ని భయంగా చెప్పదు. మెత్తటి సంగీతం పెడుతుంది. మనం కళ్ళు తుడుచుకుని మళ్ళీ గుమ్మడి నాటుతాం.

జూనిమోల సంగతి ఇంకా ఉంది. కమ్యూనిటీ సెంటర్ బాగయ్యాక మాంత్రికుడి దగ్గర 20,000 పోసి జూనిమో గుడిసె కట్టించుకోవచ్చు. ఆ చిన్నవాళ్ళు పొద్దున్నే లేచి నీ పంటంతా కోసి పెడతారు. ముద్దొస్తారు, ఒప్పుకుంటాను. కానీ తెలంగాణ పల్లెల్లో పెరిగినవాళ్ళకి, ఇచ్చింది పుచ్చుకుని, ఏమీ ఇవ్వకపోయినా చేసిపెట్టే ఈ పనికి ఇంకో పేరు తెలుసు. వెట్టి. పేరు పెట్టి పిలిస్తే ముద్దు పోతుంది కాబట్టి క్లాసిక్ ఆ పేరు పెట్టదు.

క్రోబస్ ఇంకా నొప్పి. సిగ్గరి, మంచివాడు, ఎండ పడదు. పెళ్ళి వద్దనుకుంటే అతన్ని ఇంట్లో తోడుగా ఉంచుకోవచ్చు కూడా. అదే సమయంలో గనుల్లో ఎనభయ్యో అంతస్తు కిందకి దిగితే అతని జాతివాళ్ళనే కత్తితో నరుకుతూ పోతాం. నూట యాభై నీడల్ని చంపితే సాహసికుల సంఘం బహుమతిగా ఉంగరం ఇస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి క్రోబస్‌కి గుమ్మడికాయ కానుక ఇస్తాం. అతనికది చాలా ఇష్టం. దీని గురించి ఆటలో ఎవరూ నిన్ను నిలదీయరు. 'ప్రశాంతత' అని వాళ్ళాయన అన్నది దీన్నే.

"అది కాదండీ, మేం కోరుకునేది సేద్యం. నిజమైన సేద్యం తాలూకు నెమ్మది" అంటారు. సేద్యమే మాట్లాడుకుందాం. స్టార్‌డ్యూలో పంటకి నీళ్ళు పెట్టకపోతే చావదు, పెరగకుండా ఊరుకుంటుంది. ఆవుకి మేత వెయ్యకపోతే అలుగుతుంది, పాలివ్వదు, చావదు. ముసలిదీ అవదు. గుమ్మడికాయ మామూలు రకం ధర 320. ఒకే రోజు ఒకటి వేసినా వెయ్యి వేసినా, డబ్బా దగ్గర ఒక్కోదానికి 320 చొప్పున పడిపోతుంది. మదనపల్లె యార్డుకి లారీ టమాటా తీసుకెళ్ళి, కిరాయి కూడా రాదని రోడ్డు మీద గుమ్మరించిన రైతుని అడగండి, ఈ డబ్బా ఏ లోకంలో ఉంటుందో. అసలు సిసలు అతీంద్రియ వస్తువు అదే. మంత్రగత్తె చీపురు దాని ముందు ఏపాటి?

ఇప్పుడు ఆ 'అసహ్యమైన' ఆటలోకి రండి. లేజీ బేర్ గేమ్స్ అనే చిన్న బృందం 2018లో తెచ్చింది గ్రేవ్‌యార్డ్ కీపర్. ఇంటికి పోతూ కారు కింద పడిన మనిషి ఏదో మధ్యయుగపు లోకంలో శ్మశానం కాపలాదారుగా కళ్ళు తెరుస్తాడు. మాట్లాడే పుర్రె ఒకటి పని నేర్పుతుంది. శవాన్ని బల్ల మీద వేసి, రక్తం తీసి, కొవ్వు తీసి, పూడ్చి, రాయి పెట్టాలి. ఆలస్యం చేస్తే కుళ్ళుతుంది. ఓపిక లేకపోతే ఏట్లో తోసెయ్యొచ్చు, ఆట ఆపదు. మాంసం దాచి, మీద ముద్ర సంపాదిస్తే, సత్రంలో అమ్ముకోవచ్చు కూడా. ఇవన్నీ చేస్తూనే క్యాబేజీ, క్యారెట్, బీట్‌రూట్ పండించాలి. ఎరువు వేస్తేనే మంచి కాపు.

ఇక్కడ ఒకే దుకాణానికి ఒకే సరుకు వరసగా అమ్ముతుంటే ధర పడిపోతూ ఉంటుంది. కొన్నాళ్ళు ఆగితే మళ్ళీ కోలుకుంటుంది. అంటే మార్కెట్టు ఉంది! పుర్రెలు మాట్లాడే ఆటలో మార్కెట్టు ఉంది, 'నిజమైన సేద్యం' ఆటలో లేదు. శవాల్ని మోసుకొచ్చే గాడిద ఒకరోజు సమ్మె కడుతుంది. దోపిడీ గురించి ఉపన్యాసం ఇస్తుంది, క్యారెట్లు ఇస్తేనే బండి కదులుతుంది. మొదటిసారి ఆ సన్నివేశం వచ్చినప్పుడు పగలబడి నవ్వాను. తర్వాత లెక్క చూసుకుంటే, ఇన్నేళ్ళుగా ఆడిన పొలం ఆటల్లో పనికి కూలి అడిగిన మొదటి జీవి నాకు ఆ గాడిదే.

తర్వాత వచ్చిన ఉచిత అనుబంధంలో శవాల్ని లేపి కూలికి పెట్టొచ్చు. జూనిమోలు చేసే పనే. కానీ ఇక్కడ పొలంలో పాదు తవ్వుతున్నవాణ్ణి నిన్న బల్ల మీద నువ్వే కోశావు. అతను బాగా పని చేస్తున్నాడంటే నువ్వు బాగా కోశావని. ఆ సంగతి ఆట మర్చిపోనివ్వదు. సౌకర్యం ఎవరి శరీరంలోంచి వచ్చిందో తెలుస్తూనే ఉంటుంది. నాకు కావాల్సింది అదే.

ఈ ఆటకి లోపాల్లేవని కాదు, బోలెడు. మధ్యలో పని గానుగలా తిరుగుతుంది. ముగింపు ఎవరో తరుముతున్నట్టు ఉంటుంది. హాస్యం సగం చోట్ల మొరటు. కానీ కొండ మీద మంత్రగత్తెని కాల్చే రోజున, చూడవచ్చిన జనానికి అమ్మడానికి నీతో కరపత్రాలు, బర్గర్లు, బీరు తయారు చేయిస్తుందే, ఆ మొరటుతనంలో ఒక నిజాయితీ ఉంది. మనకి మంత్రగత్తె అంటే ఊదారంగు టోపీ కాదు. బాణామతి చేసిందన్న అనుమానంతో సాటి ఊరివాళ్ళే ఆడమనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మెదక్ వైపు నుంచి ఎన్ని రాలేదు? చుట్టూ నిలబడి చూసినవాళ్ళు వాటిలోనూ ఉన్నారు. ఆ కొండ మీద నేను బర్గర్లు అమ్మాను. డబ్బులొచ్చాయి. ఆ రోజు ఇంక ఆడబుద్ధి కాలేదు.

దయ్యం కనిపిస్తే చాలు దండం పెడతానని అనుకోకండి. ఈ రెండో కులంలో నకిలీ సరుకు చాలా ఉంది. అదే గుమ్మడికాయకి ఊదారంగు వేసి, పిల్లికి పేరు మార్చి అమ్మేవి. అక్కడ మంత్రం అంటే ట్రాక్టర్ లాంటిది, పని తగ్గించే సాధనం, అంతే. వైల్డ్ ఫ్లవర్స్ (2022) వాటికంటే చాలా మెరుగు. అమ్మమ్మ ఉన్న లంకకి వచ్చిన టారాకి ఆవిడ మంత్రగత్తె అని తెలుస్తుంది, తనూ ఆ గుంపులో చేరుతుంది, పగలు పొలం, రాత్రి పూజలు. ఊరి భయాన్నీ అనుమానాన్నీ బాగా పట్టుకుంది. కానీ నువ్వు క్రతువు జరిపించేదాకా రుతువే మారదు! కాలం నీ గుమ్మం ముందు చెప్పులు విడిచి నిలబడుతుంది. కథ అంత బాగున్నా, పొలం మాత్రం నాకు బొమ్మపొలంలాగే తోచింది. కల్ట్ ఆఫ్ ద లాంబ్ దీనికి తిరగేసిన తప్పు చేస్తుంది. భక్తుల్ని పొలంలో పెట్టి, వండి, బలిచ్చి, ప్రతిదానికీ కన్నుకొడుతుంది. రెండు గంటలు నవ్వుకున్నాక చావుకి బరువు ఉండదు.

బరువు ఎక్కడుందంటే స్పిరిట్‌ఫేరర్‌లో (2020). పొలం పడవ మీద ఉంటుంది. స్టెల్లా చనిపోయినవాళ్ళని ఎక్కించుకుని, వాళ్ళకి ఇల్లు కట్టి, ఇష్టమైనవి వండి పెట్టి, సిద్ధమైనప్పుడు ఆ ద్వారం దాకా తీసుకెళ్ళి దింపుతుంది. ఆలిస్ అనే ముసలావిడ మెల్లగా మతి తప్పి స్టెల్లాని తన కూతురనుకుంటుంది. చెయ్యి పట్టుకుని పడవ ముందు భాగం దాకా నడిపించాలి. పని అదే, దానికి మార్కులుండవు. అతుల్ అనే కప్ప, భోజనప్రియుడు, బాబాయిలాంటివాడు. ఒకరోజు అందరితో కలిసి విందు తింటాడు. తర్వాత ఒక పొద్దున లేచి చూస్తే ఉండడు. ద్వారం లేదు, వీడ్కోలు లేదు. వాళ్ళు పోయాక వాళ్ళ ఇళ్ళు కూల్చలేం. పడవ మీద అటూఇటూ జరపగలం, అంతే. ఖాళీ ఇళ్ళ మధ్యే ఉల్లిపాయలు పండించుకోవాలి.

ఇది ఆడుతున్నప్పుడే నాకు మా పొలం గుర్తొచ్చింది. మా తాత సమాధి మా పొలం గట్టునే. మా వైపు చాలామందికి అంతే, ఎవరి చేన్లో వాళ్ళ పెద్దలు. దుక్కి మొదలుపెట్టేముందు నాయనమ్మ అక్కడ నీళ్ళు చల్లేది. పెత్రమాసనాడు ఆయన పేర బియ్యం ఇచ్చేది. గట్టు చివర పోతురాజు రాయి, మధ్యలో దిష్టిబొమ్మ, ఊరమ్మ జాతర అయితే పొలిమేర పొడుగునా పొలి చల్లడం. దయ్యాల నేపథ్యం ఉన్న పొలం అని ఎవరూ అనలేదు దాన్ని. పొలం అన్నారు. కొన్నేళ్ళ కింద నాన్న దాన్ని అమ్మేశాడు. వెంచర్ పడింది, ఇప్పుడు సిమెంటు రోడ్లూ హద్దురాళ్ళూ. అమ్మేటప్పుడు సమాధి చుట్టూ రెండు గుంటలు మాత్రం మినహాయించి రాయించుకున్నాం. కొన్నవాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు, ఆ రెండు గుంటలు కూడా ఇచ్చెయ్యండి, మంచి రేటిస్తాం, ప్లాట్లు అమ్ముడవ్వాలంటే సమాధి అడ్డంగా ఉంది అని. వాళ్ళకి కావల్సిందీ వాళ్ళాయన అడిగిందీ ఒకటే. చచ్చినవాళ్ళు కనపడని పొలం.

"మరీ అంతొద్దు, అలిసిపోయి వచ్చినవాళ్ళకి కాసేపు చావు లేని చోటు కావాలి" అనేదే నిజంగా బలమైన వాదన. పది గంటలు స్క్రీన్ ముందు కూర్చుని, ఓఆర్ఆర్ మీద గంటన్నర ఇరుక్కుని వచ్చిన మనిషికి శవపరీక్ష చూపించమని నేనూ అనను. నాకూ అలాంటి రాత్రులున్నాయి, ఆ రాత్రులు స్టార్‌డ్యూ చెరువు దగ్గర చేపలు పట్టాను. నా గొడవ విశ్రాంతితో కాదు. ఆ విశ్రాంతినే మట్టి, సేద్యం, అసలైన జీవితం అని పేరు పెట్టి పీఠమెక్కించి, రెండోదాన్ని చిల్లర అనడంతో. స్టార్‌డ్యూ చేసినాయనకే ఈ సంగతి తెలుసని నా అనుమానం. 2021లో ప్రకటించిన తన తర్వాతి ఆట పేరు హాంటెడ్ చాకొలెటియర్. దయ్యాలు పనిచేసే కోటలో చాకొలెట్ దుకాణం.

మొన్న ఆ స్నేహితురాలు మళ్ళీ ఫోన్ చేసింది. ఆవిడకి మూడో ఏడు వచ్చిందట. తాత దిగాడు, చూశాడు, ఒక్క కొవ్వొత్తి వెలిగింది. "ఎందుకో తెలీదు, ఏడుపొచ్చేసింది. ఈయనకి చెప్పలేదు" అంది. కాసేపాగి, వజ్రం పెడితే మళ్ళీ వస్తాడట కదా, అది ఎక్కడ దొరుకుతుందని అడిగింది.

గనుల్లో, బాగా కిందికి దిగాలని చెప్పాను. ఎనభై దాటాక దారిలో క్రోబస్ చుట్టాలు ఎదురవుతారని కూడా చెప్పాను.

"క్రోబస్ ఎవరు?" అంది.